నత్తలు మెచ్చిన బీరు

ఆ శనివారం పొద్దున ఐవర్ టిమ్మిన్స్ వేసుకున్న పథకం చిన్నది. టీ తాగడం, గ్యారేజీలోకి వెళ్ళడం, భోజనాల వేళ దాకా బయటికి రాకపోవడం. తాళాల ఫ్యాక్టరీ నుంచి రిటైరైన దగ్గర్నుంచీ అతని శనివారాలు ఇలాగే గడుస్తున్నాయి. గ్యారేజీలో అతను బీరు కాస్తాడు.

టీ కప్పుతో తలుపు తీసేసరికి లోపల భార్య మేవిస్ నిలబడి ఉంది. చేతిలో కొలత టేపు ఉంది.

"ఏం కొలుస్తున్నావ్?"

"గుమ్మం. కారు పడుతుందా అని."

"గ్యారేజీలో కారా?" అన్నాడు ఐవర్.

అతని ఆశ్చర్యంలో తప్పు లేదు. ఇంగ్లండులో డడ్లీ ఊరి అవతల, కాలువ పక్కన ఉన్న మా వీధిలో ప్రతి ఇంటికీ గ్యారేజీ ఉంది. వాటిలో విరిగిన సోఫాలు, సగం వాడిన పెయింటు డబ్బాలు ఉంటాయి. కారు పెట్టినవాళ్ళు లేరు. మా కార్లు వీధిలో తడుస్తాయి. మా పెయింటు డబ్బాలు పొడిగా ఉంటాయి.

మేవిస్ ఆస్పత్రి వంటశాలలో పనిచేస్తుంది. చలికాలం చీకటితోనే లేచి, కారు అద్దం మీద గడ్డకట్టిన మంచు గీక్కుని డ్యూటీకి పోతుంది.

"పోయినేడు గీకీ గీకీ భుజం పడిపోయింది. ఇంక నా వల్ల కాదు. ఈ సామానంతా తీసెయ్," అంది.

"మరి బీరో?"

"ఎవరు తాగుతున్నారని?"

ఐవర్ తన పాత సీసాల వైపు చూశాడు. బీట్‌రూట్ బీరు తాగినవాళ్ళు మర్నాడు బాత్‌రూములో రంగు చూసి డాక్టరుకి ఫోన్ చేశారు. మిరియాల బీరుకి ఒకే ఒక్క ఉపయోగం కనిపించింది. మూసుకుపోయిన మా సింకు తెరుచుకుంది. ఎదుటివాళ్ళు వెక్కిరించేలోపు తనే వెక్కిరించుకోవడం ఐవర్‌కి అలవాటు. "నా బీరు తాగితే బండి నడపొచ్చు, నడవడమే కష్టం," అనేవాడు. మేం నవ్వేవాళ్ళం. గ్లాసు మాత్రం ముట్టేవాళ్ళం కాదు.

"ఒక్క అవకాశం ఇవ్వు," అన్నాడు ఇప్పుడు.

మేవిస్ టేపు చుట్టింది. "సరే. కొత్తగా ఏమీ కొనకు. ఇక్కడ పడున్న మిగుళ్ళతో కాచుకో. దాన్ని జనం తాగాలి. నా కళ్ళ ముందు, నవ్వుతూ తాగాలి. తాగితే గ్యారేజీ నీది. లేకపోతే మంచు పడేలోపు నా కారుది."

"నవ్వుతూ కూడానా?"

"నవ్వుతూనే."

ఐవర్ అటకలు దులిపాడు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, అదే మాల్టు, ఒక సంచిలో సగం ఉంది. మాడబెట్టిన నల్ల మాల్టు డబ్బా అడుగున కొంత, చేదు కోసం వేసే హాప్స్ పువ్వు గుప్పెడు, పొద్దున జావ కాచుకునే ఓట్స్, క్రిస్మస్ కేకులో వాడగా మిగిలిన నల్ల బెల్లపు పాకం కనిపించాయి. హాప్స్ తక్కువ కాబట్టి చేదు రాదు. మాల్టు తక్కువ కాబట్టి మత్తు రాదు. వీటితో అయ్యేది ఒక్కటే, మైల్డ్. అతని నాన్న కొలిమి పని దిగి, చెమట ఆరకముందే గ్లాసు మీద గ్లాసు తాగి, తిన్నగా నడిచి ఇంటికొచ్చిన నల్ల బీరు అదే. ఒకప్పుడు మా వైపు ముసలివాళ్ళూ ఆడవాళ్ళూ అందరూ తాగేవారు.

బీరు పులిసి, తేరుకున్నాక ఐవర్ రుచి చూశాడు. బావుందనిపించింది. కానీ బీట్‌రూట్ బీరు కూడా అతనికి బావుందనే అనిపించింది. తన నాలుక సాక్ష్యం చెల్లదని తీర్మానించుకుని, ఒక సీసా పట్టుకుని కౌన్సిల్ వాళ్ళు అద్దెకిచ్చిన తోటమళ్ళకి వెళ్ళాడు. అతని మడి పక్కనే హిల్డా ఫెల్లోస్ మడి. భర్త పోయినప్పటినుంచీ ఆమె పగలంతా అక్కడే ఉంటుంది.

"హిల్డా, ఇది తాగి ఎలా ఉందో చెప్పు."

"అబ్బ, చాలా బావుంది నాయనా," అంది హిల్డా. సీసాకి ఇంకా మూత ఉంది.

మావాళ్ళ మొహమాటం అలాంటిది. చేత్తో చేసినది ఎవరైనా ఇస్తే బాగోలేదని అనకూడదు. రుచి చూశాక బావుందని అనడం కష్టం కాబట్టి చూడకముందే అనేస్తాం. పైగా హిల్డా టీ తప్ప ఇంకేదీ తాగదు. ఇచ్చిన మనిషి ముందు పారబొయ్యలేక సీసాని సంచిలో పెట్టుకుంది. అతను వెళ్ళాక పెరుగు కప్పుల్లో పోసి, లెట్యూస్ వరసల మధ్య అంచుల దాకా మట్టిలో పాతింది.

మా తోటలకి పట్టిన శని గుల్లలేని నత్తలు. వానకాలం వాటిది. మాకున్నదల్లా వానకాలమే. కప్పులో బీరు పోసి పాతితే వాసనకి వచ్చి పడి చస్తాయని మా తాతల కాలం నుంచీ అందరికీ తెలుసు. తెలియనిదల్లా, ఐవర్ బీరుకి ఇంతగా వస్తాయని. మర్నాడు హిల్డా కప్పుల్లో వేలు పెట్టే జాగా లేదు. ఆమె లెట్యూస్ ఆకుకి చిల్లు లేదు.

హిల్డా ఈ సంగతి క్లెమెంట్ హాడ్లీకి చెప్పింది. క్లెమెంట్ మా తోటల సంఘం అధ్యక్షుడు. ఏటా క్యాబేజీ పోటీలో మొదటి బహుమతి ఆయనదే. ఆ సాయంత్రమే ఖాళీ నిమ్మసోడా సీసాలు చంకలో పెట్టుకుని ఐవర్ ఇంటి తలుపు తట్టాడు.

"ఏమోయ్ ఐవర్, హిల్డాకిచ్చిన సరుకు ఇంకా ఉందా?"

"సరుకంటే... బీరా?"

"అదే. ఈ సీసాల నిండా పొయ్యి."

"ఇవన్నీ నీకేనా?"

"మా ఇంట్లో అందరికీ."

క్లెమెంట్ ఇంట్లో ఉండేది క్లెమెంట్ ఒక్కడే. అది ఐవర్‌కీ తెలుసు. ఒకడు తన బీరు అడగడానికి వచ్చినప్పుడు వాడి కుటుంబాన్ని లెక్కపెట్టాలని ఐవర్‌కి బుద్ధి పుట్టలేదు.

తర్వాత బస్సు డ్రైవర్ గుర్మైల్ సింగ్ వంటనూనె డబ్బాతో వచ్చాడు. అతని మడిలో మెంతికూర, కొత్తిమీర, మిగిలిన చోటంతా క్యాబేజీ.

"నిండా పొయ్యి గురూ."

"ఇంత ఎవరు తాగుతారు?"

"చాలామంది ఉన్నార్లే. చీకటి పడగానే దిగుతారు."

"చుట్టాలా?"

"చుట్టాలే నయం. చెప్తే వెళ్ళిపోతారు."

వారం తిరిగేసరికి సీసాతో ఐవర్ గుమ్మం ముందు నిలబడనివాడు లేడు. నేనూ నిలబడ్డాను. పీపా అడుగంటింది. మిగుళ్ళలో మిగిలిన మిగుళ్ళతో అతను మళ్ళీ కాచాడు. "నాన్న ఉంటే గర్వపడేవాడు. ముందు నమ్మేవాడు కాదనుకో," అన్నాడు మేవిస్‌తో.

"నా కళ్ళ ముందు ఒక్కడూ తాగలేదు. అందరూ పట్టుకెళ్తున్నారు," అంది మేవిస్.

"అయితే పంటల విందులో నేనే పోస్తాను. నువ్వు ఎదురుగా కూర్చుని చూడు."

మా పంటల విందు పోటీకి ముందు రోజు సాయంత్రం జరుగుతుంది. పోటీ అయ్యాక పెడితే ఓడినవాళ్ళు రారని పెద్దలు పెట్టిన నియమం అది. ఏటా కాలువ మలుపు దగ్గరున్న పబ్బు నుంచి బీరు తెప్పిస్తాం. ఈసారి ఐవర్ వెళ్ళి, బీరు మొత్తం తన వంతని క్లెమెంట్‌తో చెప్పాడు. క్లెమెంట్ "అంతకంటేనా!" అన్నాడు. ఇంకేం అనగలడు?

మర్నాడు తోట మధ్యన ఉన్న రేకుల గదిలో అత్యవసర సమావేశం జరిగింది. నేనూ ఉన్నాను.

"ఎవరో ఒకరు అతనికి చెప్పాలి," అన్నాడు క్లెమెంట్.

"ఏమని? నీ బీరు నత్తలకి పోస్తున్నాం అనా?" అన్నాడు గుర్మైల్.

"మెల్లిగా చెప్పొచ్చు."

"మెల్లిగా ఎలా? 'ఎవరూ బాధపడలేదు గురూ, అందరూ ప్రశాంతంగానే పోయారు' అనాలా?"

"అసలు మీలో ఎవరైనా రుచి చూశారా?" అంది హిల్డా.

"నువ్వు చూశాకే కప్పుల్లో పోశావనుకున్నా," అన్నాడు క్లెమెంట్.

"నాకు టీ తప్ప పడదు కదయ్యా!"

ఎవరైనా అప్పుడు ఒక్క గుక్క తాగి చూస్తే ఈ కథ అక్కడితో ముగిసేది. కానీ బీట్‌రూట్ బీరు అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

చివరికి గుర్మైల్ ఒక ఉపాయం చెప్పాడు. ఐవర్ తన పీపాని విందు రోజు పొద్దున్నే తెచ్చి పెడతాడు. గ్లాసుల కోసం మళ్ళీ ఇంటికి వెళ్తాడు. ఆలోగా పీపాలో బీరు నూనె డబ్బాల్లోకి దించి, పబ్బు బీరు పీపాలో పొయ్యాలి; రంగులో అదీ నల్లదే. అందరూ నవ్వుతూ తాగుతారు, ఐవర్ సంతోషిస్తాడు. డబ్బాల్లో దాచిన బీరు ఆ సాయంత్రం విందు అయ్యాక క్యాబేజీల చుట్టూ పొయ్యొచ్చు. తెల్లారితే పోటీ కదా.

"ఒక్క దెబ్బకి రెండు పిట్టలు," అన్నాడు క్లెమెంట్. చప్పట్లు కొట్టాం.

విందు రోజు పని అనుకున్నట్టే జరిగింది. ఐవర్ పీపాని తోపుడుబండి మీద తెచ్చి గదిలో పెట్టి వెళ్ళాడు. మేం బీరు మార్చాం. డబ్బాలని గది వెనక గోనెపట్టా కింద దాచి, స్నానాలకి ఇళ్ళకి పోయాం.

ఐవర్ గ్లాసుల పెట్టెతో తిరిగి వస్తూ హిల్డా మడి దగ్గర ఆగాడు. తెలిసిన వాసన వచ్చింది. వంగి లెట్యూస్ ఆకు పక్కకి జరిపాడు. కింద పెరుగు కప్పు కనిపించింది.

హిల్డా ఫ్లాస్కుతో తన పాక లోంచి బయటికి వచ్చి, అతన్ని చూసి ఆగిపోయింది.

"హిల్డా, ఇది నా బీరేనా?"

హిల్డా ఫ్లాస్కు మూత తిప్పింది. మళ్ళీ బిగించింది. "వాటికి చాలా నచ్చింది నాయనా."

"క్లెమెంట్‌కి ఇచ్చింది కూడానా?"

"ఊఁ."

"గుర్మైల్ చుట్టాలు?"

"అవీ ఇవే."

ఐవర్ కప్పులోకి చూశాడు. "ఇన్నేళ్ళకి నా బీరుని అడుగుదాకా చూసినవాళ్ళు దొరికారన్నమాట. ఒక్కరూ డాక్టరుకి ఫోన్ చెయ్యలేదు కదా?"

"టీ తాగుతావా?" అంది హిల్డా. ఆమెకి తెలిసిన క్షమాపణ అదే.

టీ తాగి ఐవర్ రేకుల గదిలోకి వెళ్ళి పీపా ఎదురుగా కూర్చున్నాడు. ఈ సాయంత్రం ఏం జరుగుతుందో ఇప్పుడు తెలుస్తోంది. వీళ్ళంతా మొహమాటానికి తాగుతారు. మొహమాటానికి నవ్వుతారు. మేవిస్ ఆ నవ్వులు చూసి మాట మీద నిలబడి గ్యారేజీ వదిలేసుకుంటుంది. చలికాలం వచ్చాక మళ్ళీ మంచు గీకుతుంది. ఇది తనకి వద్దనుకున్నాడు. బీరు పారబోద్దామని చోటు వెతుక్కుంటూ గది వెనక్కి వెళ్ళాడు. అక్కడ గోనెపట్టా కింద నూనె డబ్బాలు ఉన్నాయి.

మూత తీశాడు. నల్ల బీరు. వేలు ముంచి నాలికకి రాసుకున్నాడు. తర్వాత దోసిట్లో పోసుకుని తాగాడు.

"ఇదిరా మైల్డ్ అంటే!" అన్నాడు పైకే. చిన్నప్పుడు నాన్న గ్లాసు అడుగున మిగిల్చి ఇచ్చిన గుక్క గుర్తొచ్చింది. ఇంత మంచిది తనది అయ్యుండదు కాబట్టి, సంగతి అర్థమైపోయిందనుకున్నాడు. తన బీరు గండం తప్పించుకోడానికి వీళ్ళు పబ్బు నుంచి వేరే బీరు తెచ్చి దాచుకున్నారు. లోపలికొచ్చి పీపాలోంచి ఒక గుక్క పట్టి చూశాడు. నీళ్ళలా ఉంది. ఇది తనదే, సందేహం లేదు అనుకున్నాడు.

పీపాలో ఉన్నదంతా బకెట్లతో మోసి ఎరువు గుంటలో పారబోశాడు. డబ్బాల్లో బీరు పీపాలోకి పోశాడు. డబ్బాలకి మూతలు పెట్టి ఎలా ఉన్నవాటిని అలా పేర్చి, పట్టా కప్పాడు. పని అయ్యేసరికి నడుం పట్టేసింది.

సాయంత్రం బల్లల మీద బేకన్ వేసి ఉడికించిన బఠాణీలు, పోర్క్ పైలు, గుర్మైల్ భార్య వేసిన పకోడీలు పెట్టాం. మేవిస్ పీపాకి ఎదురుగా కుర్చీ వేసుకుంది. ఐవర్ పోస్తూ వెళ్ళాడు.

తాగేది పబ్బు బీరని మాకు నమ్మకం కాబట్టి భయం లేకుండా తాగాం. మొదటి గ్లాసుకే క్లెమెంట్ కనుబొమలు పైకి లేచాయి. పబ్బువాడు ఈసారి మంచి సరుకు ఇచ్చాడని నా చెవిలో అన్నాడు. లేచి ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"మిత్రులారా, ఐవర్ టిమ్మిన్స్ చేతిలో ఏదో ఉంది! ఇలాంటి బీరు ఈ కాలువ గట్టున ఎవడూ కాయలేదు!"

అబద్ధం చెబుతున్నాననుకుంటే ఆయన గొంతు బాగా పలుకుతుంది. అందరం బల్లలు గుద్దాం. హిల్డా కూడా మంచి పని కదా అని గ్లాసు అందుకుంది. తాగింది. మళ్ళీ పట్టింది. మేవిస్ ఒక గ్లాసు తాగి భర్త వైపు చూసింది. ఇంకోటి పోయించుకుంది. బఠాణీలు మిగిలాయి గానీ పీపా ఖాళీ అయిపోయింది. పీపాని వంచి పట్టుకున్నది క్లెమెంటే.

ఇంటికి వెళ్తుంటే చినుకులు మొదలయ్యాయి.

"సరే, నెగ్గావ్. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను," అంది మేవిస్.

"అది నాది కాదు మేవిస్."

"ఏది?"

"బీరు. నాది పారబోశాను. మీరు తాగింది పబ్బుది."

మేవిస్ కోటు కాలరు పైకి లాక్కుంది. "ఎందుకు చెప్పావ్? నేను నమ్మేశాగా."

"నీ భుజం నొప్పి నిజం కదా. రేపు పొద్దున్నే సామాను బయట పెట్టేస్తా," అన్నాడు ఐవర్.

అదే సమయానికి మేం రేకుల గది వెనక వానలో నిలబడి ఉన్నాం. క్యాబేజీల చుట్టూ కప్పులు సిద్ధంగా ఉన్నాయి. గుర్మైల్ డబ్బా ఎత్తాడు. తేలిగ్గా లేచింది. ఇంకోటి ఎత్తాడు. అదీ అంతే.

"ఎవడో తాగేశాడు," అన్నాడు క్లెమెంట్.

"నత్తల బీరు ఎవడు తాగుతాడండీ?" అన్నాడు గుర్మైల్.

పబ్బుకి పరుగెత్తాం. మా విందు కోసమే వాళ్ళ పీపాలన్నీ మేం ఖాళీ చేశామని చెప్పారు. ఇళ్ళకి పోయాం. రాత్రంతా వాన కురిసింది.

పొద్దున పోటీకి వచ్చిన న్యాయనిర్ణేత క్లెమెంట్ మడి ముందు చాలాసేపు నిలబడ్డాడు. క్యాబేజీ స్థానంలో జల్లెడ ఉంది. "ఇది ఏ విభాగం?" అని అడిగాడు. గుర్మైల్ మడిలో కాడలు మిగిలాయి. క్యాబేజీకి ఆ ఏడు బహుమతి లేదని ప్రకటించారు. వెళ్తూ వెళ్తూ ఆయన ఎరువు గుంట దగ్గర ఆగి, ఇక్కడ బీరు వాసన వస్తోందేమిటని అడిగాడు.

గుర్మైల్ క్లెమెంట్ వైపు చూశాడు. క్లెమెంట్ ఖాళీ డబ్బాల వైపు చూశాడు. నలుగురం ఐవర్ ఇంటికి బయల్దేరాం.

అక్కడ ఐవర్ సామానంతా వీధిలో తార్పాలిన్ కింద ఉంది. గ్యారేజీలో కారు ఉంది. కారులో మేవిస్ ఉంది. కారుకి గోడలకి మధ్య చెయ్యి దూరేంత ఖాళీ ఉంది. తలుపులు తెరుచుకోవడం లేదు.

"గుమ్మమే కొలిచింది. తలుపు తెరవాలి కదా అనుకోలేదు," అన్నాడు ఐవర్ మాతో మెల్లిగా.

"వినిపిస్తోంది!" అంది మేవిస్ కిటికీ సందులోంచి.

"రివర్సు చెయ్యమ్మా," అన్నాడు గుర్మైల్.

"చెయ్యను. ఇప్పుడే లోపలికి వచ్చాను."

క్లెమెంట్ గొంతు సవరించుకున్నాడు. "ఐవర్, నిన్న గది వెనక డబ్బాలేమైనా చూశావా?"

ఐవర్ తల దించుకున్నాడు. "చూశాను. తప్పే. మీరు దాచుకున్న పబ్బు బీరు పీపాలో పోసేశాను. నాది ఎరువు గుంటలో పారబోశాను. మీరు నా బీరు తాగి బాధపడకూడదని."

మొహమాటం మాకు నేర్పని సంగతి ఇది. నిజంగా బావున్నదాన్ని బావుందని ఎలా చెప్పాలో తెలియలేదు. చివరికి హిల్డా చెప్పింది.

"డబ్బాల్లో ఉన్నది నీ బీరే నాయనా. పీపాలో ఉన్నది పబ్బుది. మేమే మార్చాం."

"కాదు. డబ్బాల్లోది నేను తాగాను. అది చాలా బావుంది," అన్నాడు ఐవర్.

"అదే చెప్తున్నాం గురూ," అన్నాడు గుర్మైల్.

గ్యారేజీలోంచి మేవిస్ గొంతు వచ్చింది. "అంటే నిన్న సాయంత్రం నేను తాగింది..."

"నీ మొగుడి బీరే," అంది హిల్డా. "నేనూ తాగాను. టీ కంటే నయం అనను గానీ, దాని పక్కన పెట్టొచ్చు."

లోపల ఇంజను మోగింది. కారు వెనక్కి కదిలి, వీధిలో ఎప్పటి చోట ఆగింది. మేవిస్ దిగి, తార్పాలిన్ ఒక అంచు ఎత్తింది.

"ఏం చూస్తున్నారు? తలో చెయ్యి వెయ్యండి. తడుస్తోంది."

సామానంతా లోపలికి చేర్చాం. క్లెమెంట్ మాత్రం వెళ్ళకుండా నిలబడ్డాడు. చేతిలో ఖాళీ నిమ్మసోడా సీసా ఉంది.

"మళ్ళీ ఎప్పుడు కాస్తావ్?"

"నీకా, వాటికా?" అన్నాడు ఐవర్.

క్లెమెంట్ తన క్యాబేజీని తలుచుకున్నాడు. నిన్నటి గ్లాసునీ తలుచుకున్నాడు. తేల్చుకోలేక సీసా అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు.

గ్యారేజీ గెలుచుకున్న ఐవర్ ఆ చలికాలమంతా మేవిస్ కంటే ముందే లేచి, ఆమె కారు అద్దం మీద మంచు గీకాడు.